మా చౌడమ్మకు పెట్టిన రెండు పరీక్షలు

నా భార్య చౌడమ్మకు మతి తప్పుతోందని బెంగళూరు డాక్టరొకాయన కాగితం మీద రాసి సంతకం పెట్టిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. చౌడమ్మకు మతి తప్పడమేమిటి? నేను బీడీకట్ట ఎక్కడ దాచినా మూడు నిమిషాల్లో పట్టుకునే మనిషి. మా చెల్లెలి పెండ్లిలో నేను ఎన్ని ఒబ్బట్లు తిన్నానో ముప్పై ఏండ్ల తర్వాత కూడా నలుగురిలో చెప్పి పరువు తీసే మనిషి. ఆ కాగితం నా చేతికిచ్చినప్పుడు డాక్టరుతో నేను ఏమన్నానో ఇక్కడ రాయను. అచ్చులో వేసే మాటలు కావవి.

ముందు చౌడమ్మ సంగతి చెప్పాలి. మాది శిడ్లఘట్ట తాలూకా దిబ్బూరహళ్ళి. చేను కొంచెం, మల్బరీ తోట కొంచెం, ఇంటి వెనక పట్టుపురుగులు పెంచే పొడుగాటి గది ఒకటి. చౌడమ్మ మిట్టేమరి పిల్ల. పద్నాలుగేండ్లకు కోడలిగా వచ్చి, తట్టలో పురుగులను చూసి కెవ్వున అరిచి వీధిలోకి పరుగెత్తింది. మా అమ్మ నవ్వలేక కడుపు పట్టుకుంది. రెండేండ్లు తిరిగేసరికి ఆ మా అమ్మే గడప దగ్గర నిలబడి "ఏమ్మే, ఆకు వేయొచ్చునా?" అని కోడల్ని అడిగేది.

ఎందుకంటే ఈ పనిలో ఆకు వేయడం కంటే ఆపడం కష్టం. పట్టుపురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు తోలు మారుస్తుంది. మారుస్తున్నంతసేపూ మేత ముట్టదు, తల పైకెత్తి కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మేము జ్వరం అంటాము. మొదటి జ్వరం, రెండో జ్వరం, అట్లా నాలుగు. తోలు మార్చి మళ్ళీ మేతకు తయారైతే జ్వరం లేచింది అంటాము. జ్వరంలో ఉన్న పురుగు మీద ఆకు వేస్తే ఆకు కుళ్ళి, తట్ట చెమ్మగిల్లి, పురుగు చచ్చి ఊరుకుంటుంది. ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలుపెట్టాలో చౌడమ్మ గడప మీద నిలబడి, ఒక్కసారి గాలి పీల్చి చెప్పేసేది. ఎట్లా తెలుస్తుందే అంటే, "నీకు ఆకలేస్తే నీకెట్లా తెలుస్తాది?" అనేది.

నేను మాత్రం ఆ గదిలోకి పోకూడదు. పొగాకు వాసన పట్టుపురుగుకు విషం, నాకేమో బీడీ లేకపోతే తెల్లవారదు. నలభై ఆరేండ్లు ఆకు మోపులు మోసి గడప బయట పడేసి వచ్చినవాణ్ణి. లోపల జరిగేదంతా చౌడమ్మ రాజ్యం. మా ఇంట్లో వారాలూ తేదీలూ కూడా ఆ రాజ్యం నుంచే వచ్చేవి. మా కొడుకు మునికృష్ణప్ప ఎప్పుడు పుట్టాడని అడిగితే "నాలుగో జ్వరం లేచిన పూట" అంటుంది. ఇంక వాడి జాతకం ఎవరు రాస్తారు?

ఇంకొకటి కూడా చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు మొగుని పేరు నోటితో పలకరు. అదేమీ వింత కాదు గానీ, చౌడమ్మ పట్టుదల ఊళ్ళో ఎవరికీ లేదు. నా పేరు ఆంజనేయప్ప. నన్ను పిలవాలంటే "ఇదో" అంటుంది. ఆంజనేయస్వామి గుడికి పోతే "ఆ సామి గుడికి పోయొచ్చినా" అంటుంది. మా ఊళ్ళో గొర్రెలు కాసే ఆంజనేయప్ప ఒకడున్నాడు. వాడు నల్లగా ఉంటాడని వాడికి నల్లప్ప అని ఆమే పేరు మార్చేసింది. కొన్నాళ్ళకు వాడి పెండ్లాం తరఫువాళ్ళు కూడా వాణ్ణి నల్లప్ప అనే పిలిచేవాళ్ళు. పాపం, వాడు నన్ను చూసినప్పుడల్లా గుర్రుమనేవాడు.

ఇంట్లో పురుగులు ఉన్నన్నాళ్ళు చీమ పేరు కూడా ఎత్తదు. పేరెత్తితే వస్తుందని ఆమె నమ్మకం. తట్టలు పెట్టిన గుంజల కింద నీళ్ళ పళ్ళాలు పెట్టి, "నల్లది రాకుండా" అనేది.

యుద్ధం నడుస్తున్న కాలం. విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకు పట్టు కావాలట, శిడ్లఘట్టలో పట్టుగూళ్ళకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆ రోజుల్లో ఒక పొద్దున తలారి తప్పెట కొట్టి చాటింపు వేశాడు. అరవై నిండినవాళ్ళంతా ఇస్కూలు దగ్గరికి రావాలి, బెంగళూరు డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తాడు, చేయించుకున్నవాళ్ళకు తలా ఒక సబ్బు బిళ్ళ ఇస్తారు అని. సబ్బు మాట చెవిన పడగానే ఊళ్ళో నలభై ఏండ్లవాళ్ళకు కూడా అరవై నిండిపోయాయి.

డాక్టరు పేరు హయగ్రీవ. చింతామణి వైపు పండితుల ఇంటి పిల్లవాడు, ముప్పై దాటినట్టు లేవు. ముసలివాళ్ళకు మరుపు రాకుండా ఉంటుందా, దీనికొక పరీక్షా అని నేను ఎగతాళి చేస్తే ఓపికగా చెప్పాడు. ముప్పై అయిదేండ్లకు పైన అయిందట, జర్మనీలో ఒక డాక్టరు, మతి పూర్తిగా పోయి చనిపోయిన ఒక ఆడమనిషి మెదడును భూతద్దాల యంత్రం కింద పెట్టి చూస్తే లోపల మచ్చలూ ముడులూ కనిపించాయట.

"అవి ఒక్క దినంలో వచ్చేవి కావప్పా. మనిషి బాగా తిరుగుతాండేటప్పుడే లోపల మొదలవుతాయని నా అనుమానం. ఆ మొదటి గుర్తు బయటికి ఎట్లా కనిపిస్తాది? దాన్నే నేను వెతుకుతాండాను" అన్నాడు.

"జర్మనీవాళ్ళతో మనకు యుద్ధం గదా సామీ, వాళ్ళ డాక్టరు మాట నమ్మొచ్చునా?" అన్నాను.

ఆయన నవ్వి చౌడమ్మను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆయన చేతిలో అచ్చు వేసిన కాగితం ఉంది. ప్రశ్నకు ఎదురుగా రెండే గళ్ళు: చెప్పారు, చెప్పలేదు.

"ఈ దినం ఏ వారమమ్మా?"

"మూడో జ్వరం లేచి రెండో దినం సామీ."

"అది కాదమ్మా, వారం."

"అదే గదా చెప్తాండాను. రేపటికి మూడో దినం. ఇంత చదువుకున్నారు, ఇది తెలీదా?"

కాంపౌండరు రెండో గడిలో గీత పెట్టాడు.

"మీ ఇంటాయన పేరేందమ్మా?"

చౌడమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "అద్దో, కంబానికి ఆనుకొని గుటకలు మింగుతాండాడే, ఆయప్పే."

"ఆయన పేరు చెప్పమ్మా."

"సముద్రం దాటినాయన పేరే."

"పేరు, పేరు."

"లంకను కాల్చినాయన సామీ!" చౌడమ్మకు చెమటలు పట్టాయి. "అయ్యో రామా, ఇంకెట్లా చెప్పేది? తోకుంటాది!"

ఇస్కూలు ఇస్కూలంతా గొల్లుమంది. కాంపౌండరు మాత్రం నవ్వలేదు. "భర్తకు తోక ఉన్నదని చెప్పుచున్నది" అని చక్కగా రాసుకున్నాడు. తర్వాత ఆ కాగితం నేను కళ్ళారా చూశాను.

మూడోది, డాక్టరు మూడు మాటలు చెప్పి వాటిని వెంటనే తిరిగి చెప్పమన్నాడు. తాళంచెవి, చెప్పు, చీమ. ఆయనకు ఇంకేమీ దొరకలేదు చూడండి.

"తాళంచెవి, చెప్పు," అని చౌడమ్మ ఆగింది. "ఇంకొకటి నల్లంగా, సన్నంగా, వరసగా పోతాది. ఇంట్లో పురుగులుండాయి, దాని పేరు నేనెత్తను."

మూడు ప్రశ్నలకూ రెండో గడే. మతిమరుపు తొలి గుర్తులున్నాయి, జాగ్రత్తగా చేయవలసిన పనులు అప్పగించకూడదు అని కాగితం తయారైంది. నాకు ఒళ్ళు మండింది అప్పుడే.

"మీ అమ్మ చెప్తుందా సామీ మీ నాయన పేరు?" అన్నాను కడపట.

ఆయన ఒప్పుకున్నాడు. "చెప్పదు."

"మరి?"

"ఈ కాగితం తెల్లవాళ్ళ సీమ నుంచి వచ్చిందప్పా. దీంట్లో సిగ్గుకు గడి లేదు. మూడు నెలలకు మళ్ళీ వస్తాను, అప్పుడు మళ్ళీ అడుగుతాను."

ఆయన వచ్చేలోపల మా ఇంట్లో కొంప మునిగింది. మునికృష్ణప్ప కాగితం చదివి మొహం వేలాడేసుకున్నాడు. వాడికి తల్లంటే ప్రాణమే, కానీ నెల ముందు ఒక తట్టకు చీమలెక్కి సగం పురుగులు పోయాయి. గుంజ కింద పళ్ళెంలో నీళ్ళు పోయడం ఎవరో మరిచారు. మా కోడలు యశోదమ్మే మరిచిందని నేను ఆ పిల్లను నానా మాటలన్నాను, అది ఏడ్చి ఊరుకుంది. ఇంకొక పంట పోతే తట్టుకోలేమని వాడు తట్టలన్నీ తీసుకుపోయి ఎదుటి కొత్త కొట్టంలో పెట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు ఇంక రెస్టు తీసుకో" అన్నాడు.

రెస్టు అంటే ఏమిటో చౌడమ్మకు తెలీదు. రోజూ పొద్దున్నే లేచి ఖాళీ గది గడప మీద నిలబడి గాలి పీల్చేది. తర్వాత ఊడ్చిన గదినే ఊడ్చేది. "గదికే జ్వరమొచ్చినట్టుండాది. లేస్తాదిలే" అని నాతో అంది ఒకసారి. కొత్త కొట్టం వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. తిండి సగమైంది. ఆ గది ఆమెకు తిరిగి ఇప్పించకపోతే నేను మొగుణ్ణే కానని ఒట్టు పెట్టుకున్నాను.

కోర్టు కేసుకు తయారైనట్టు తయారయ్యాను. డాక్టరు రెండోసారి వచ్చిన రోజు ఊళ్ళో ఆడవాళ్ళను తొమ్మిదిమందిని సాక్ష్యానికి తెచ్చాను. వాళ్ళలో అందరికంటే గట్టి నోరు మా పక్కింటి అక్కమ్మది. ఒక్కొక్కరినే మొగుని పేరు అడగండి, ఎవరన్నా చెప్తే నా మీసం గొరిగించుకుంటాను, ఇదీ నా వాదం. డాక్టరు చేతులెత్తి, "ముందు ఆమెను అడగనీయప్పా" అన్నాడు.

"ఈ దినం ఏ వారమమ్మా?"

"సోమవారం."

మొదటి గడిలో గీత పడింది. మునికృష్ణప్ప మొహం వెలిగింది.

"మీ ఇంటాయన పేరు?"

నేను నా వాదం మొదలుపెట్టడానికి గొంతు సవరించుకుంటున్నాను.

"ఆంజనేయప్ప" అంది చౌడమ్మ.

కొంగు లాక్కోలేదు. తల వంచలేదు. అంగట్లో ఉప్పు ఉందా అని అడిగినంత మామూలుగా అంది. అక్కమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వెనక ఆడవాళ్ళందరూ "ఓయమ్మో!" అని ఒక్కసారిగా అరిచారు. నాకైతే, సిగ్గు లేకుండా చెప్తున్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నలభై ఆరేండ్ల కాపురంలో నా పేరు ఆ గొంతులో వినడం అదే మొదలు. ఇంకొకసారి అంటే బాగుండునని కూడా అనిపించింది.

డాక్టరు మూడు మాటలు చెప్పాడు. చౌడమ్మ "తాళంచెవి, చెప్పు, చీమ" అని గడగడా తిరిగి చెప్పేసింది.

"భేష్! మెదడు దివ్యంగా ఉండాది" అన్నాడు డాక్టరు. పాత కాగితం చించి కొత్తది రాశాడు. మునికృష్ణప్ప తల్లి చేయి పట్టుకుని, "రేపే తట్టలు నీ గదిలోకి మారుస్తాను, తప్పయిపోయిందమ్మా" అన్నాడు. రెండో సబ్బు బిళ్ళ కూడా ఇచ్చారు.

ఇంటికి నడుస్తూ నేను లెక్క వేసుకున్నాను. వారం చెప్పింది, సరే. ఇంట్లో పురుగులు లేనప్పుడు వారం కాక ఇంకేం చెప్తుంది? చీమ పేరెత్తింది, దానికీ అదే కారణం. మరి నా పేరో? గది కోసం తెగించి ఉంటుంది, గట్టి మనిషి అనుకున్నాను. ఊరికే ఉండలేక గిల్లాను.

"ఏమే, ఇన్నేండ్లు దాచి దాచి, పురుగుల గది కోసం నా పేరు పలికేస్తివే!"

చౌడమ్మ నడక ఆపింది. "ఎవురు పలికింది?"

"నువ్వే. ఇప్పుడే, అందరి ముందర."

"చీ! తమాషాకైనా అట్ల అనొద్దు" అంది. "మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాది. ఇన్నేండ్లు నిన్ను కాపాడుకొంటూ వచ్చినాను. ఇప్పుడు నా నోటితో నేనే సంపుకుంటానా?"

నన్ను ఆడిస్తోందేమో అని మొహంలోకి చూశాను. ఆడించేటప్పుడు ఆమె కింది పెదవి కొరుక్కుంటుంది. కొరుక్కోలేదు. కళ్ళ నిండా నీళ్ళు. ఇరవై అడుగులు కూడా నడవలేదు మేము, ఇస్కూలు ఇంకా వెనక కనిపిస్తూనే ఉంది.

ఆడించడం కాదు, నిజంగానే మరిచిపోయింది. గుంజ కింద పళ్ళెంలో నీళ్ళు పోయడం ఎవరు మరిచారో కూడా అప్పుడే అర్థమైంది. ఉత్త పుణ్యానికి ఆ యశోదమ్మను ఏడిపించాను. చౌడమ్మను ఇంట్లో దించి, "ఇప్పుడే వస్తానే" అని వెనక్కి పరుగెత్తాను.

బొగ్గు బస్సు కాబట్టి డాక్టరు దొరికాడు. పెట్రోలు లేని ఆ రోజుల్లో బస్సు వెనక కుంపటి రాజేసి అరగంట విసిరితే గానీ బండి కదిలేది కాదు. ఆయన మసి పడకుండా పక్కకు నిలబడి ఉన్నాడు.

"సామీ, మీరు రాసింది తప్పు. కొట్టేయండి."

"ఏందప్పా నీ గోల? ముందర చెప్పలేదని రాస్తే కొట్టడానికి వచ్చినావు. ఇప్పుడు చెప్పిందని రాసినా తప్పేనా?"

"ముందర చెప్పకూడదని తెలిసే చెప్పలేదు సామీ. ఇప్పుడు చెప్పకూడదనే మర్చిపోయి చెప్పింది. చెప్పినట్టు కూడా ఆమెకు తెలీదు."

దారిలో జరిగింది చెప్పాను. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. సంచిలోంచి కాగితం తీసి అటూ ఇటూ తిప్పాడు. ఆ సంగతి రాయడానికి గడి లేదు. కాగితం అంచున, అచ్చు లేని జాగాలో, చిన్న అక్షరాలతో చాలాసేపు రాశాడు.

"నేను వెతికే మొదటి గుర్తు ఇట్లా ఉంటాదని అనుకోలేదప్పా" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు.

"మందుందా?"

"లేదు."

"మందే లేనప్పుడు ముందుగా కనుక్కోని ఏం జేసేది?" గట్టిగానే అరిచాను. కుంపటి విసిరేవాడు కూడా ఆగి చూశాడు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఆమెకు తెలిసినవి ఇంకా ఆమె దగ్గరే ఉండాయి. నేర్చుకోవాల్సిందేమన్నా ఉంటే ఇప్పుడే నేర్చుకోండి. దానికి టైముండాది" అన్నాడు.

ఆ రాత్రి కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. తిట్టినందుకు యశోదమ్మను క్షమించమని అడిగాను. మామ నోట అట్లాంటి మాట ఎప్పుడూ విననందున అది బెదిరిపోయింది. మునికృష్ణప్ప తల పట్టుకుని, "అయితే తట్టలు ఇచ్చేది వద్దు గదా నాయనా" అన్నాడు.

"ఇచ్చేదే. ఆమెతోపాటు గదిలో నేనుంటాను."

"నువ్వా? బీడీ?"

బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి వాడి చేతిలో పెట్టాను. యాభై ఏండ్ల స్నేహం. వారం రోజులు నేను మనిషిని కాను, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కరిచినంత పని చేశాను. అయినా చౌడమ్మ లోపలికి రానివ్వలేదు. రోజూ గడప దగ్గర నన్ను నిలబెట్టి మెడ దగ్గర, చేతుల దగ్గర వాసన చూసి, "ఇంకా కంపు కొడతాండావు, పో" అనేది. డాక్టరిచ్చిన రెండు సబ్బు బిళ్ళలూ అరగదీశాను. పదో రోజున పోనీలే అన్నట్టు పక్కకు జరిగింది.

అరవై ఎనిమిదేండ్ల వయసులో ఆ గది లోపలి గోడలు మొదటిసారి చూశాను. ఆకు సన్నగా తరగడం రాదని తిట్టింది. తట్ట వంకరగా పట్టుకున్నానని తిట్టింది. పురుగును వేళ్ళతో ఎత్తబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "నీ కంటే మా మిట్టేమరి ఎద్దుకు తొందరగా వస్తాది" అంది. నాలుగో జ్వరం లేచాక పురుగులు ఆకు తినే చప్పుడు పెంకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. ఇన్నేండ్లూ గోడ అవతల నుంచి విన్నదాన్ని ఆమె పక్కన కూర్చుని విన్నాను. ఎంత సుఖం పోగొట్టుకున్నానురా బీడీ కోసం అని బాధపడ్డాను. చెప్పిందే మళ్ళీ చెప్పేది, నాకు అదీ మంచిదే అయింది. మందబుద్ధి గదా, రెండుసార్లు వింటే గానీ ఎక్కదు.

ఆ పంట బాగా వచ్చింది. ఆ తర్వాతి పంటలో, మూడో జ్వరం రోజున, చౌడమ్మ బుట్ట నిండా తరిగిన ఆకుతో వచ్చి తట్ట మీద చల్లబోయింది. గడప మీద నిలబడి గాలి పీల్చలేదు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దే, జ్వరంలో ఉండాయి. చూడు, తలలెత్తుకోనుండాయి."

ఆమె వంగి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అవును గదా! ఇదంతా నీకు ఎవురు నేర్పించినారప్పా?"

"నువ్వే."

"నేనా?" చౌడమ్మ మొహం విప్పారింది. "అయితే బాగానే నేర్పించినానే!"

బుట్ట కింద పెట్టి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. పురుగులు లేచేదాకా ఇద్దరమూ ఆకు వేయకుండా కూర్చున్నాము.